చీటీ పోయిన టిక్కీలు

పోయిన వేసవిలో అమరావతిలో మా తెలుగు మాస్టారి ఇంటి వసారాలో, ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఇద్దరం తెల్లమొహాలు వేశాం. తెర మీద కనబడాల్సింది ఒక పాత మాసపత్రిక పుట. కనబడుతున్నది మాత్రం కారునలుపు, దాని మీద ఏటవాలుగా జారిపోతున్న తెల్లటి చారలు. అక్షరం అన్నది ఒక్కటీ లేదు.

"ఇరవై ఏళ్ళ కిందట దగ్గరుండి స్కాన్ చేయించాను నాయనా. ఆ తరవాత పుస్తకాలకు చెద పట్టింది. మిగిలింది ఈ సీడీలే. ఇవీ పోయినట్టేనా?" అన్నారు మాస్టారు.

సీడీలోంచి ల్యాప్‌టాప్‌లోకి దింపుకున్నవి 212 ఫైళ్ళు. పుటకొక ఫైలు. పేరు చివర టిఫ్ అనో జేపెగ్ అనో తోక లేదు. పీడీఎఫ్‌గా మారుద్దామంటే ప్రతి ప్రోగ్రామూ ‘ఈ రకం నాకు తెలియదు’ అని పక్కకు తప్పుకుంటోంది. ఒక్కటి మాత్రం మొండిగా తెరిచి ఈ చారలు చూపించింది. అయితే ఫైళ్ళ జాబితా చూడగానే నాకు కాస్త ధైర్యం వచ్చింది. ప్రతి ఫైలూ సరిగ్గా 21,06,300 బైట్లే ఉంది. ఒక్క బైటు ఎక్కువ లేదు, తక్కువ లేదు.

కుదించిన బొమ్మలైతే ఇలా ఉండవు. ఖాళీ పుట చిన్న ఫైలవుతుంది, అక్షరాలు కిక్కిరిసిన పుట పెద్దదవుతుంది. అన్నీ ఒకే తూకం తూగుతున్నాయంటే స్కానర్ చూసింది చూసినట్టు, ఏమీ కుదించకుండా పోసిన ముడిసరుకన్నమాట.

గుంటూరు మిర్చి యార్డులో టిక్కీ (మిరపకాయల బస్తా) మీద చీటీ ఊడిపోయిందనుకోండి. లోపల కాయ ఎక్కడికీ పోదు. అది తేజానా, 334 రకమా, ఏ రైతుది, ఏ లాటులోది అన్నది మాత్రం తెలియదు. మాస్టారి ఫైళ్ళకు జరిగింది అదే. స్కాన్ చేసిన బొమ్మలు మార్పిడిలో చెడిపోయాయని మనం గుండెలు బాదుకునే సందర్భాల్లో చాలావాటిలో పోయేది బొమ్మ కాదు. దాన్ని ఎలా చదవాలో చెప్పే చీటీ.

సంఖ్యల వరస

స్కానర్‌కు అక్షరం తెలియదు, చిత్రం తెలియదు. కాగితాన్ని చిన్న చిన్న గళ్ళుగా విడగొట్టి, ఒక్కో గడి ఎంత వెలుగును తిప్పి పంపుతోందో కొలిచి అంకె వేస్తుంది. ఆ గడినే పిక్సెల్ అంటారు. అంగుళానికి ఎన్ని గళ్ళన్నది డీపీఐ.

మాస్టారి పత్రిక ఐదున్నర అంగుళాల వెడల్పు, ఎనిమిదిన్నర అంగుళాల ఎత్తు. అంగుళానికి 600 గళ్ళ చొప్పున అడ్డంగా 3,300, నిలువుగా 5,100. మొత్తం 1,68,30,000 గళ్ళు. గడికి ఎంత చోటు పడుతుందన్నది మనం ఏం దాచుకుంటున్నామన్న దాన్నిబట్టి ఉంటుంది. రంగుల్లో దాచితే ఎరుపు, ఆకుపచ్చ, నీలం అంటూ గడికి మూడు బైట్లు. పుటకు 5,04,90,000 బైట్లు. బూడిదరంగు ఛాయలు చాలనుకుంటే గడికి ఒక బైటు. నలుపో తెలుపో తేలిస్తే చాలనుకుంటే ఒక్క బిట్టే. ఒక బైటులో ఎనిమిది గళ్ళు సర్దేయొచ్చు.

మాస్టారి ఫైలు సైజు ఈ మూడో రకానికి దగ్గరగా ఉంది. కానీ సరిగ్గా సరిపోలేదు. 1,68,30,000ను ఎనిమిదితో భాగిస్తే 21,03,750 రావాలి. ఫైల్లో 2,550 బైట్లు ఎక్కువున్నాయి. ఆ ఎక్కువలోనే గుట్టంతా ఉంది.

సాలుకు ఎన్ని మొక్కలు?

3,300ను ఎనిమిదితో భాగిస్తే 412న్నర. అర బైటు అనేది కంప్యూటర్‌కు చికాకు. అందుకే చాలా ప్రోగ్రాములు ప్రతి అడ్డవరస చివరా నాలుగు ఖాళీ బిట్లు అతికించి 413 బైట్లు పూర్తిచేస్తాయి. 413ను 5,100 వరసలతో గుణిస్తే 21,06,300. లెక్క కుదిరింది! అంటే ఫైల్లో ఒక్కో వరసలో ఉన్నవి 3,300 గళ్ళు కావు, 3,304. చారలు చూపించిన ప్రోగ్రామ్ వరసకు 3,300 చొప్పున కోసుకుంటూ పోయింది.

నాలుగు గళ్ళ తేడాకే అంత అల్లకల్లోలమా అంటే, మిరప చేను ఊహించుకోండి. సాలుకు 41 మొక్కలు. ప్రతి సాల్లోనూ పదో మొక్క చచ్చిపోయింది. గట్టు మీద నిలబడి చూస్తే చేలో నిలువుగా ఒక ఖాళీ బాట కనబడుతుంది. ఇప్పుడు మొక్కలనూ ఖాళీలనూ వరసగా ఒక పుస్తకంలో రాసుకుని, వేరే చేలో అదే వరసలో నాటించారు. కాకపోతే సాలుకు 41 అని చెప్పడం మరిచి 40 అన్నారు. మొదటి సాల్లో ఖాళీ పదో చోట పడుతుంది, రెండో సాల్లో పదకొండో చోట, మూడో సాల్లో పన్నెండో చోట. నిలువు బాట కాస్తా ఐమూలగా పరిగెడుతుంది. ఒక్క మొక్కా పోలేదు, చేను మాత్రం గుర్తుపట్టలేకుండా అయింది.

మాస్టారి పుటలో ప్రతి వరసా నాలుగు గళ్ళు కుడికి జరిగింది. 5,100 వరసలు ముగిసేసరికి మొత్తం జరుగుడు 20,400 గళ్ళు. పుట తన వెడల్పు చుట్టూ ఆరుసార్లకు పైగా తిరిగింది. ఇక అక్షరం ఏం కనబడుతుంది?

అయితే రోగంలోనే మందు కూడా ఉంది. చారల వాలును కొలిస్తే తప్పు ఎంతో తెలిసిపోతుంది. వరసకు నాలుగు గళ్ళు కుడికి జరుగుతుంటే వెడల్పుకు నాలుగు కలపాలి. ఎడమకు జరుగుతుంటే తీసెయ్యాలి. బొమ్మ నిటారుగానే ఉండి మొత్తంగా కాస్త పక్కకు జరిగి, మొదటి వరసల్లో మాత్రం చెత్త కనబడుతుంటే, ఫైలు తలలో ఏవో బైట్లు ఉన్నాయనీ, వాటిని దాటుకుని చదవాలనీ అర్థం.

వెడల్పు 3,304 అని చెప్పాను. చారలన్నీ ఒక్కసారిగా నిలబడి అక్షరాలయ్యాయి. మాస్టారు కుర్చీ ముందుకు లాక్కున్నారు.

నలుపు తెలుపుల తకరారు

అక్షరాలు నిలబడ్డాయి గానీ నల్ల కాగితం మీద తెల్ల అక్షరాలు. సున్నా అంటే నలుపా, తెలుపా? ఈ చిన్న ప్రశ్నకు కంప్యూటర్ లోకంలో ఒక్క జవాబు లేదు. తెర దగ్గర పుట్టిన వాళ్ళకు సున్నా అంటే వెలుగు లేకపోవడం, అంటే నలుపు. ఫ్యాక్స్ దగ్గర పుట్టిన వాళ్ళకు సున్నా అంటే సిరా లేకపోవడం, అంటే తెలుపు. రెండు సంప్రదాయాలూ ఇప్పటికీ బతికే ఉన్నాయి. ఫైలు ఒకదాన్ని పాటించి, చదివే ప్రోగ్రామ్ మరోదాన్ని పాటిస్తే పుట నెగెటివ్ అవుతుంది. తలకిందులు చెయ్యమని ఒక్క మాట చెబితే చాలు.

అక్షరాలు ఉన్నచోటే ఉండి, దువ్వెన పళ్ళలా ముక్కలుముక్కలుగా తెగి కనబడితే, అది బైటులోని ఎనిమిది గళ్ళను కుడి నుంచి ఎడమకు చదవడం వల్ల. బొమ్మ సరిగ్గానే ఉండి మనుషుల మొహాలు నీలంగా కనబడితే ఎరుపు, నీలం స్థానాలు మారినట్టు.

ఫొటోలను 16 బిట్లలో స్కాన్ చేస్తే మరో తిరకాసు. అప్పుడు ఒక్కో అంకెకూ రెండు బైట్లు కావాలి. పెద్ద బైటు ముందా, చిన్న బైటు ముందా? 25 రాసి ఇస్తే 52 అని చదివినట్టే ఉంటుంది. 300 అనే విలువలో పెద్ద బైటు 1, చిన్న బైటు 44. తిరగేసి చదివితే అది 11,265 అవుతుంది. కటిక చీకటి ఉండాల్సిన చోట వెలుగు చుక్కలు మొలుస్తాయి. ఆకారం లీలగా తెలుస్తూ, బొమ్మంతా ఉప్పూకారం చల్లినట్టు కనబడితే ఈ రోగమే.

ఇన్ని తగువులు తీర్చడానికే 1986లో ఆల్డస్ అనే కంపెనీ టిఫ్ అనే పద్ధతి తెచ్చింది. దాని తొలి రెండు బైట్లే పెద్ద బైటు ముందా వెనకా అన్నది చెప్పేస్తాయి. రెండు ‘ఐ’లుంటే ఇంటెల్ పద్ధతి, అంటే చిన్నది ముందు. రెండు ‘ఎమ్’లుంటే మోటరోలా పద్ధతి, అంటే పెద్దది ముందు. ఆ వెంటనే 42 అనే అంకె ఉంటుంది. వెడల్పు, ఎత్తు, గడికి ఎన్ని బిట్లు, సున్నా నలుపా తెలుపా, డీపీఐ ఎంత, ఏ పద్ధతిలో కుదించారు అన్నవన్నీ లోపల వరుసగా రాసి ఉంటాయి. టిక్కీకి కట్టిన చీటీ అంటే ఇదే. ఫైలు పేరు చివరి తోకను నమ్మక్కర్లేదు, దాన్ని ఎవరైనా మార్చేయొచ్చు. తొలి బైట్లు మాత్రం అంత సులువుగా అబద్ధం చెప్పవు.

బేలు కట్టడం, కారం పట్టించడం

ఇంతకీ తెలుగు పుస్తకాలకు ఈ టిఫ్ గొడవ ఎక్కడ తగిలింది? చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్న రాజ్ రెడ్డి ఆలోచనల్లోంచి వచ్చింది పది లక్షల పుస్తకాల ప్రాజెక్టు. మన దేశంలో అది డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా అయింది. బెంగళూరు ఐఐఎస్సీ, హైదరాబాదు ట్రిపుల్ ఐటీ లాంటి చోట్ల వేలాది తెలుగు పుస్తకాలను స్కాన్ చేశారు. అంగుళానికి 600 గళ్ళు, నలుపు తెలుపులు, పుటకొక టిఫ్ ఫైలు. చాలా బ్రౌజర్లు టిఫ్‌ను చూపించవు కాబట్టి పాఠకులు ఒక్కో పుటనూ దించుకుని, 200, 300 ఫైళ్ళను కలిపి పీడీఎఫ్ చేసుకునేవారు. ఆ సైటు తరవాత మూతపడింది. అదృష్టవశాత్తూ ఆ పుస్తకాలు చాలావరకు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో దొరుకుతున్నాయి.

ఆ మార్పిడిలో చాలామందికి ఎదురైన వింత ఏమిటంటే, పీడీఎఫ్ చేశాక సైజు తగ్గకపోగా పెరిగేది. పైగా అక్షరం మసకబారేది. ఎందుకో తెలియాలంటే కుదించడంలో రెండు రకాలున్నాయని తెలియాలి.

జిన్నింగ్ మిల్లులో దూదిని నొక్కి బేలు కడతారు. కొండంత దూది బీరువా అంతవుతుంది. మళ్ళీ విప్పితే అదే దూది. మిరపకాయను మరలో వేసి కారం పట్టిస్తారు. అదీ తక్కువ చోటే పడుతుంది. కానీ కారాన్ని తిరిగి కాయ చెయ్యడం ఎవరి తరమూ కాదు.

టిఫ్‌లో నలుపు తెలుపు పుటలకు వాడే ‘గ్రూప్ 4’ పద్ధతి బేలు లాంటిది. ఫ్యాక్స్ కోసం 1984లో ఖరారైంది. ప్రతి వరసనూ పై వరసతో పోల్చి, ఎక్కడ తేడా వచ్చిందో అది మాత్రమే రాసుకుంటుంది. అచ్చు పుటలో తెలుపే ఎక్కువ కాబట్టి రెండు ఎంబీల పుట చాలాసార్లు ఇరవయ్యో వంతుకు దిగిపోతుంది, ఒక్క గడి కూడా మారదు. జేపెగ్ కారం మర లాంటిది. బొమ్మను ఎనిమిదేసి గళ్ళ చదరాలుగా కోసి, మన కన్ను పెద్దగా పట్టించుకోని సన్నటి తేడాలను వదిలేస్తుంది. మనిషి మొహానికీ ఆకాశానికీ అది భేషైన పద్ధతే. అక్షరం అంచు మాత్రం ఉన్నట్టుండి నలుపు నుంచి తెలుపుకు దూకుతుంది. ఆ దూకుడును జేపెగ్ సరిగ్గా పట్టుకోలేదు. అక్షరం చుట్టూ దుమ్ములా మరకలు లేస్తాయి. వత్తులూ గుడులూ ముద్దకడతాయి.

కొన్ని ప్రోగ్రాములు పీడీఎఫ్ చేసేటప్పుడు అడక్కుండానే గ్రూప్ 4 బేలు విప్పి జేపెగ్ మరలో పోస్తాయి. సైజు పెరిగి, అక్షరం చెడేది అందుకే. నిజానికి విప్పాల్సిన పనే లేదు. గ్రూప్ 4 మూటను ఉన్నదున్నట్టుగా తనలో పెట్టుకోవడం పీడీఎఫ్‌కు వచ్చు. అలా పెట్టే పనిముట్లను ఎంచుకుంటే చాలు.

బేలుకూ ఒక బలహీనత ఉంది. ప్రతి వరసా పై వరస మీద ఆధారపడింది కాబట్టి మధ్యలో ఒక్క బిట్టు చెడినా కిందివన్నీ తప్పుతాయి. పుట సగం దాకా చక్కగా ఉండి, అక్కణ్ణించి చివరిదాకా చెత్తగా మారితే ఆ ఫైలు దెబ్బతిన్నట్టు. అప్పుడు ఏ మార్పిడీ పనికిరాదు, మరో ప్రతి వెతుక్కోవాలి.

ఇంతకన్నా ప్రమాదకరమైనది, కంటికి తెలియకుండా మోసం చేసే పద్ధతి. జేబిగ్2 అనే కుదింపులో ఒక రకం, పుటలో ఒకేలా ఉన్న అక్షరాలను గుర్తించి, ఒకదాని బొమ్మనే అన్ని చోట్లా అతికిస్తుంది. 2013లో జర్మనీకి చెందిన డేవిడ్ క్రీజెల్ కొన్ని జిరాక్స్ కంపెనీ యంత్రాలు స్కాన్ చేసిన కాగితాల్లో 6 ఉన్నచోట 8 రావడం బయటపెట్టారు. మసకబారితే అనుమానిస్తాం. స్పష్టంగా, నిండుగా ఉన్న తప్పు అంకెను ఎవరు అనుమానిస్తారు? ద, ధ, థ పక్కపక్కనే నిలబడే తెలుగులో ఇలాంటి పోలికల పద్ధతి ఎంత చేటో వేరే చెప్పాలా?

తాలు ఏరినట్టు

రంగులోనో బూడిదరంగులోనో చేసిన స్కాన్‌ను నలుపు తెలుపుగా మార్చడం మరో పెద్ద మలుపు. కళ్ళంలో మిరపకాయల రాశి ముందు కూర్చున్న ఆడవాళ్ళ చేతులు చూడండి. ఎర్రకాయ ఇటు, తెల్లబారిన తాలుకాయ అటు. మధ్యరకం కాయ చేతికొచ్చినప్పుడు ఒక్క క్షణం ఆగుతారు. ప్రోగ్రామ్‌కు ఆ ఆగడం తెలియదు. ఒక గీత గీసి, అంతకన్నా ముదురైతే నలుపు, లేతైతే తెలుపు అనేస్తుంది.

ఆ గీత ఎక్కడ గియ్యాలన్నదానికి 1979లో జపాన్‌కు చెందిన నొబుయుకి ఓట్సు ఒక చక్కటి లెక్క చెప్పారు. పుటలోని ఛాయలన్నీ లెక్కపెట్టి, రెండు గుంపులూ ఒకదానికొకటి వీలైనంత దూరంగా ఉండేలా గీత ఎంచుకోవాలి. పుటంతా ఒకే తీరుగా ఉంటే అది బాగా పనిచేస్తుంది. పాత పుస్తకం అలా ఉండదు. అంచులు పసుపెక్కి ఉంటాయి, కుట్టు దగ్గర నీడ పడుతుంది. ఒకటే గీతతో కోస్తే నీడంతా నల్లటి మరకై, వెలిసిన అచ్చంతా మాయమవుతుంది. అందుకే చోటునుబట్టి గీతను మార్చుకునే పద్ధతులు వచ్చాయి. ఎండలో ఏరేటప్పుడు ఒక చూపు, పాక నీడలో ఏరేటప్పుడు మరో చూపు.

తెలుగుకు ఇక్కడ మరింత జాగ్రత్త కావాలి. ఠలో చుక్క పోతే ర మిగులుతుంది, పాఠం కాస్తా పారం అవుతుంది. భ కింద గీత చెదిరితే బ. గీత మరీ ముదురు వైపు జరిపితే చుక్కలు రాలిపోతాయి, మరీ లేత వైపు జరిపితే సున్నాలు పూడుకుపోతాయి. కాబట్టి ఒక పుటను మార్చి, ఠలూ థలూ సున్నాలూ ఉన్న వాక్యాన్ని పెద్దది చేసి చూశాకే మిగతా పుటల జోలికి వెళ్ళాలి.

ఆరడుగుల పుట

అన్నీ సరిచేసుకుని మాస్టారి మొదటి పుటను పీడీఎఫ్ చేశాం. అచ్చు తీయబోతే కాగితం కొలత దాదాపు 46 అంగుళాల వెడల్పు, 71 అంగుళాల ఎత్తు అని చూపించింది. "ఇది పత్రికా, దుప్పటా?" అన్నారు మాస్టారు. డీపీఐ ఎంతో ఫైల్లో రాసి లేకపోతే చాలా ప్రోగ్రాములు 72 అనుకుంటాయి. 5,100ను 72తో భాగించి చూడండి, ఆరడుగులకు ఒక అంగుళం తక్కువ. 600 అని రాయగానే పుట తన కొలతకు వచ్చింది. అతికించిన నాలుగు ఖాళీ గళ్ళనూ కత్తిరించేశాం.

చివరి చిక్కు పుటల వరసలో వచ్చింది. 1 తరవాత 10, 100 వచ్చి, ఎక్కడో 2 కనబడింది. కంప్యూటర్ పేర్లను అంకెలుగా కాక అక్షరాలుగా చదివింది. డిజిటల్ లైబ్రరీ ఫైళ్ళకు 00000001 అంటూ ఎనిమిది అంకెల పేర్లు ఎందుకు పెట్టారో అప్పుడు తెలిసొస్తుంది. ముందు సున్నాలుంటే వరస తప్పదు.

కోల్డ్ స్టోరేజీ

సాయంత్రానికి 212 పుటలూ ఒక పీడీఎఫ్‌లోకి చేరాయి. "మరి ఈ పాత ఫైళ్ళు తీసెయ్యనా? చోటు తింటున్నాయి," అన్నారు మాస్టారు. వద్దంటే వద్దన్నాను.

ఆ మాటకు కారణం ఆయన ఇంటికి నడక దూరంలోనే ఉంది. 1798లో సర్వేయరు కాలిన్ మెకంజీ అమరావతి వచ్చేనాటికే అక్కడి బౌద్ధ స్తూపం దిబ్బను తవ్వి రాళ్ళు తరలించడం మొదలైంది. స్తూపం రాళ్ళు కొన్ని కట్టడాల్లోకి పోయాయి, కొన్ని సున్నం బట్టీల్లో కాలిపోయాయి. 1816లో మళ్ళీ వచ్చిన మెకంజీ తన చిత్రకారులతో శిల్పాలను కొలతలతో సహా గీయించాడు. ఆ బొమ్మలు ఇప్పుడు లండన్ బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించి మద్రాసుకు తరలించిన శిల్పాలను 1858లో లినేయస్ ట్రైప్ ఫొటోలు తీశాడు. రాయి నుంచి గీతకు, రాయి నుంచి ఫొటోకు. అవీ మార్పిడులే. రాయి మిగిలినచోట బొమ్మ తప్పయితే మళ్ళీ చూసి దిద్దుకోవచ్చు. రాయే లేనిచోట చిత్రకారుడి చెయ్యి వదిలేసింది ఇక దొరకదు. అతను పక్కన కొలతలు రాసిపెట్టాడు కాబట్టి ఆ మాత్రమైనా నమ్మి చదవగలుగుతున్నాం.

మాస్టారి పత్రికలకు చెద పట్టింది కాబట్టి ఆ ముడి ఫైళ్ళే ఇప్పుడు రాయి. పీడీఎఫ్ దాని మీంచి గీసిన బొమ్మ. రేపు ఇంతకన్నా మంచి పద్ధతి వస్తే ముడి ఫైళ్ళ నుంచి మళ్ళీ మొదలుపెట్టొచ్చు. ధర వచ్చేదాకా కాయను కోల్డ్ స్టోరేజీలో పెట్టుకున్నట్టు వాటిని రెండు వేరువేరు చోట్ల దాచుకోవాలి. ఏ మార్పిడి చేసినా నకలు మీదే చెయ్యాలి.

వాటి పక్కనే ఒక చిన్న ఫైల్లో చీటీ టైపు చేసి పెట్టాను. వరసకు 3,304 గళ్ళు, చివరి నాలుగూ ఖాళీ. 5,100 వరసలు. గడికి ఒక బిట్టు. సున్నా అంటే తెలుపు. అంగుళానికి 600.

మాస్టారు కళ్ళజోడు సవరించుకుని, ప్రూఫు దిద్దినట్టు ఒక్కో అంకె మీదా వేలు పెట్టి చదివారు. తరవాత కలం తీసి, సీడీ కవరు మీద అదే మళ్ళీ గుండ్రటి అక్షరాలతో రాసుకున్నారు.